రినైసాన్స్ రాజసభలో నిషిద్ధ ప్రేమ: చారిత్రక నవల రాయడానికి దశలవారీ మార్గదర్శి

రినైసాన్స్ (పునరుజ్జీవన) కాలపు ఇటలీ కోట, చాటుమాటు ప్రేమ, రహస్యపు ఉత్తరాలు. ఈ నేపథ్యంలో తెలుగులో నవల రాయాలనుకునేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది చూపులు కలిసే సన్నివేశంతో మొదలుపెడతారు. కొన్ని అధ్యాయాలు హాయిగా నడుస్తాయి, ఆ తర్వాత కథ కదలదు. ఎందుకంటే ఆ ప్రేమ ఎందుకు కూడదో, బయటపడితే ఎవరికి ఏం పోతుందో ముందుగా తేల్చుకోలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో ప్రేమ కన్నా అడ్డంకికే ఎక్కువ చోటు ఇచ్చాను. అడ్డంకిని గట్టిగా కడితే ప్రేమకు బరువు దానంతటదే వస్తుంది.

ఉదాహరణకు మొదటినుంచి చివరిదాకా ఒకే కథ తీసుకుందాం: 1502–1505 మధ్య ఫెరారా, ఆ సంస్థానపు కోడలు లుక్రేజియా బోర్జా, వెనిస్ కవి పియెత్రో బెంబో. మీ కథ వేరే కోటలో జరిగినా పద్ధతి ఇదే.

1. ఒక ఊరు, ఒక ఇల్లు, రెండు మూడేళ్లు ఎంచుకోండి

"రినైసాన్స్ ఇటలీ" అని రాసుకుంటే పని జరగదు. అప్పుడు ఇటలీ ఒక దేశం కాదు. వెనిస్, మిలాన్, ఫ్లోరెన్స్, నేపుల్స్, పోపు ఏలుబడి ఉన్న ప్రాంతాలు, వాటి మధ్య ఫెరారా, మాంతువా, ఉర్బినో లాంటి చిన్న సంస్థానాలు. ఒక్కోచోట నాణెం వేరు, మర్యాద వేరు, భయం వేరు.

కాలాన్ని కూడా కుదించండి. లుక్రేజియా జీవితమంతా రాయబోతే మూడు పెళ్లిళ్లు, ఒక హత్య, ఒక పోపు, రెండు యుద్ధాలు మీద పడతాయి. ఆమె ఫెరారాలో అడుగుపెట్టిన 1502 ఫిబ్రవరి 2న మొదలుపెట్టి, బెంబో ఆమెకు అంకితమిచ్చిన "అసోలానీ" అనే పుస్తకం అచ్చయిన 1505 దగ్గర ఆపితే కథ చేతికి అందుతుంది.

2. నష్టాల పట్టిక వేయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. కనీసం వారం రోజులు దీనికే ఇవ్వండి.

ఒక కాగితం మీద కథలోని ప్రతి మనిషి పేరూ రాసి, ఎదురుగా ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఈ ప్రేమ బయటపడితే వీళ్లకు ఏం పోతుంది? "పరువు" అని రాసి ఊరుకోవద్దు. డబ్బు, భూమి, వారసుడు, ప్రాణం, కొలువు అని విడివిడిగా రాయండి.

ఫెరారా కథకు ఆ పట్టిక ఇలా మొదలవుతుంది.

మామగారు, ఫెరారాను ఏలే డ్యూక్ ఎర్కోలే. కోడలి కట్నం లక్ష డుకాట్లు. డుకాట్ అంటే సుమారు మూడున్నర గ్రాముల బంగారు నాణెం. అంటే దాదాపు 350 కిలోల బంగారం. ఫెరారా మనుషులు రోమ్‌లో కూర్చుని ఆ నాణేలు లెక్కపెట్టుకున్నారు. పైగా పోపుకు ఏటా కట్టాల్సిన కప్పం నాలుగు వేల డుకాట్ల నుంచి వందకు తగ్గింది. ఈయనకు కోడలంటే ఒక ఒప్పందం.

భర్త అల్ఫోన్సో. ఆయనకు కావాల్సింది వారసుడు. 1502 సెప్టెంబరులో పుట్టిన ఆడపిల్ల ప్రాణంతో పుట్టలేదు. వారసుడు పుట్టేదాకా భార్య చుట్టూ ఏ చిన్న అనుమానం లేచినా అది వంశం సమస్య అవుతుంది.

లుక్రేజియా. ఆమె బలమంతా తండ్రి పోపు ఆరవ అలెగ్జాండర్. 1503 ఆగస్టు 18న ఆయన చనిపోయాడు. ఆ రోజుతో ఆమె వెనక ఎవరూ లేరు. కొడుకు లేడు, కట్నం అప్పటికే చెల్లిపోయింది, పెళ్లి రద్దు చేసుకోవచ్చన్న మాటలు ఫ్రాన్స్ రాజు నోటినుంచే వచ్చాయి. రెండో పెళ్లిలో పుట్టిన చిన్న కొడుకు రొద్రీగోను రోమ్‌లోనే వదిలి రావాల్సి వచ్చింది. ఆ బిడ్డను కూడా ఈ పట్టికలో మరవకండి.

బెంబో. అతనికి పోయేది తక్కువలా కనిపిస్తుంది కానీ అతను పరాయి రాజ్యం మనిషి, పేరున్న వెనిస్ కుటుంబం వాడు. చిక్కులో పడితే అది రెండు రాజ్యాల మధ్య వ్యవహారం.

ఇక కోట. ఇదే కోట నేలమాళిగల్లో 1425లో నికొలో అనే పాలకుడు తన భార్య పరిసీనాను, తన కొడుకు ఊగోను ప్రేమించుకున్నారన్న నేరానికి తల నరికించాడు. లుక్రేజియా ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికి అది 77 ఏళ్ల నాటి మాట. ఇంట్లో ముసలి పనివాళ్లు దాన్ని తాతల దగ్గర విని ఉంటారు. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పకండి. మెట్లు దిగుతున్నప్పుడు ఒక పనిమనిషి ఒక తలుపు వైపు చూడకుండా వెళ్లిపోతే చాలు.

పట్టిక పూర్తయిందో లేదో చూసుకోవడానికి:

- ప్రతి పాత్ర ఎదురుగా కనీసం ఒక కచ్చితమైన నష్టం ఉందా?
- ఆ నష్టం కథ మధ్యలో పెరిగే తేదీ ఒకటి ఉందా? (ఇక్కడ అది 1503 ఆగస్టు 18.)
- ప్రేమ బయటపడితే లాభపడే మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే వెతకండి. అలాంటి మనిషి లేని రాజసభ ఉండదు.

3. నోట్‌బుక్‌లో మూడు వరసలు

చారిత్రక నవలలో గందరగోళం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఏది జరిగింది, ఏది మనం అల్లుతున్నాం అన్నది కొన్ని నెలలు గడిచాక రాసేవాళ్లకే గుర్తుండదు. మొదటిరోజునుంచే మూడు వరసలు గీసుకోండి.

మొదటి వరస: రుజువున్నవి. బెంబోకు లుక్రేజియా రాసిన ఉత్తరాలు, ఆమె జుట్టుపాయ మిలాన్‌లోని అంబ్రోసియన్ గ్రంథాలయానికి చేరాయి. 1503 జూన్ 24 నాటి ఉత్తరంలో ఇకపై తన పేరు "ఎఫ్. ఎఫ్." అని ఆమె రాసింది. ఇలాంటివి ఈ వరసలో పెట్టండి.

రెండో వరస: అప్పటివాళ్లు చెప్పుకున్నవి. బోర్జాల విషప్రయోగాల కథలన్నీ ఇక్కడికే. వీటిని పాత్రల నోట పలికించవచ్చు, కథకుడి నోట పలికించకూడదు.

మూడో వరస: మీ కల్పన. ఇద్దరి మధ్య శారీరక సంబంధం ఉందా లేదా అన్నది ఉత్తరాలు తేల్చవు. మీరు ఎలా రాసినా అది కల్పనే. ఒక నిర్ణయం తీసుకుని పుస్తకం చివరిదాకా దానిమీదే నిలబడండి.

చదవడానికి మొదట ఉత్తరాలు పట్టండి, తర్వాత జీవితచరిత్రలు. ఇంగ్లీషు అనువాదాల్లో ఆ ఉత్తరాలు దొరుకుతాయి. వెనిస్‌లో మరీన్ సనూదో అనే ఆయన 1496 నుంచి 1533 వరకు రాసిన డైరీలు 58 సంపుటాలు. అంతా చదవనక్కర్లేదు, మీ ఏడాది వరకు చూస్తే వీధిలో మాట ఎలా పాకేదో తెలుస్తుంది.

4. క్యాలెండరు, గంటలు, దారి

ప్రేమికులు కలుసుకోగలిగేది ఎప్పుడు అన్నది పండుగలే నిర్ణయిస్తాయి. అందుకే మీ ఏడాది ఈస్టర్ తేదీ ముందు పట్టుకోండి. 1503లో అది ఏప్రిల్ 16. అక్కణ్నుంచి 46 రోజులు వెనక్కి లెక్కిస్తే మార్చి 1 వస్తుంది, అది ఉపవాసాలు మొదలయ్యే బుధవారం. అంటే ఉపవాసాలకు ముందు వేడుకలు జరిగే కార్నివాల్ ఫిబ్రవరి 28తో అయిపోయింది.

ఈ చిన్న లెక్క కథకు బోలెడు ఇస్తుంది. ఫిబ్రవరి నెలంతా ముసుగులు, నాట్యాలు, ఎవరు ఎవరితో మాట్లాడినా అడగని రోజులు. మార్చి 1 నుంచి ముసుగు లేదు, మాంసం లేదు, సంగీతం తగ్గిపోతుంది. ఫిబ్రవరిలో చొరవగా మాట్లాడిన మనిషితో మార్చిలో గుడి మెట్ల మీద తల వంచుకుని నడవాలి.

గంటల విషయంలో జాగ్రత్త. అప్పటి ఇటలీలో రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది, అక్కణ్నుంచి 24 గంటలు లెక్కపెట్టేవారు. "రెండో గంట" అంటే పొద్దుగూకిన రెండు గంటలకు. పాత్రల చేత "రాత్రి ఎనిమిదింటికి రా" అనిపించొద్దు. "పొద్దుగూకాక రెండు గంటలకు" అంటే తెలుగు చెవికీ బాగుంటుంది, ఆ కాలానికీ సరిపోతుంది.

సంవత్సరం మొదలయ్యే తేదీ కూడా ఊరూరికీ మారేది. వెనిస్‌లో మార్చి 1న, ఫ్లోరెన్స్‌లో మార్చి 25న. ఒక వెనిస్ ఉత్తరం మీద "ఫిబ్రవరి 1502" అని ఉంటే మన లెక్కలో అది 1503. ఇది తెలియక కథను ఏడాది వెనక్కి నెట్టేసినవాళ్లు ఉన్నారు.

దారికి రెండు కొలతలు చాలు. లుక్రేజియా పెళ్లి పరివారం 1502 జనవరి 6న రోమ్‌లో బయల్దేరి ఫిబ్రవరి 2కి ఫెరారా చేరింది, దాదాపు నాలుగు వారాలు. పోపు చనిపోయిన కబురు మాత్రం నాలుగు రోజుల లోపే ఆమెకు అందింది. పల్లకీలు, సామాన్ల బళ్లు ఒక వేగం, గుర్రాలు మార్చుకుంటూ వచ్చే వార్తాహరుడు ఇంకో వేగం. మీ కథలో టెన్షన్ అంతా ఈ రెండు వేగాల మధ్య తేడాలోనే ఉంటుంది.

5. ఇంటి ప్లాన్ గీయండి

బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, గీయండి. ఫెరారా కోట ఇటుకలతో కట్టింది. నాలుగు బురుజులు, చుట్టూ నీళ్ల కందకం, ఎత్తి దించే వంతెనలు. పాలకుల భవనాన్నీ కోటనూ కలుపుతూ పైకప్పున్న ఒక నడవా ఉంది.

దాని మీద మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టండి: ఎక్కడ ఒంటరిగా ఉండొచ్చు, ఎక్కడ వినపడుతుంది, ఎక్కడ కనపడుతుంది. మొదటి రంగు ఎక్కడా పడకపోతే మీరు సరిగ్గానే గీశారు. దొరసాని గదిలో రాత్రి కూడా ఎవరో ఒకరు పడుకునేవారు. మనం "వాళ్లిద్దరూ ఏకాంతంగా ఉన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసే మాటకు ఆ ఇంట్లో పది మంది చేత పని చేయించాలి. ఆ పనే మీ కథ.

6. మధ్యవర్తిని ప్రేమికులకన్నా ముందు తయారు చేయండి

ఇక్కడ మధ్యవర్తి ఎర్కోలే స్త్రోజ్జి. కవి, ధనవంతుడు, కాలు కుంటి, కర్ర ఊతంతో నడిచేవాడు. బెంబో వచ్చి దిగింది ఒస్తెల్లాతోలో ఉన్న ఇతని తోటబంగళాలోనే. ఉత్తరాలు ఇతని చేతుల మీదుగా నడిచాయి. 1508 జూన్ 6న ఇతని శవం ఫెరారా వీధిలో 22 కత్తిపోట్లతో దొరికింది. ఎవరు చంపారో తేలలేదు.

ప్రేమికులిద్దరూ బతికి బట్టకట్టారు, ఉత్తరాలు మోసినవాడు పోయాడు. నన్నడిగితే ఈ కథలో అసలు గుండె కోత అక్కడుంది. రాసేవాళ్లు అతన్ని కేవలం పోస్ట్‌మ్యాన్‌గా వాడుకుంటే చాలా అన్యాయం.

మధ్యవర్తి కోసం రాసుకోవాల్సినవి:

- ఎందుకు ఒప్పుకున్నాడు? (డబ్బు, స్నేహం, పలుకుబడి, కవిత్వం మీద మోజు, ఏదో ఒకటి గట్టిగా ఎంచుకోండి.)
- ఉత్తరాలు విప్పి చదువుతాడా?
- అతనికి ఎప్పుడు భయం మొదలైంది?
- అతన్ని వదులుకోవాల్సిన రోజు వస్తే ప్రేమికుల్లో ఎవరు ముందు వదులుకుంటారు?

7. ఉత్తరాలు రాయడం

అసలు ఉత్తరాలను యథాతథంగా ఎత్తి పెట్టకండి. వాటినుంచి పద్ధతి మాత్రం తీసుకోండి. దొరికితే ప్రమాదం లేకుండా, చదవాల్సిన మనిషికి మాత్రమే అర్థమయ్యేలా రాయాలి. అందుకే మారుపేరు, అందుకే వాతావరణం, జ్వరం, పుస్తకాలు లాంటి మామూలు కబుర్లు.

రాయడానికి సులువైన పద్ధతి ఇది. ముందు ఉత్తరంలో మనసులో ఉన్నదంతా దాచకుండా రాసేయండి. తర్వాత భర్త చదువుతున్నాడనుకుని మళ్లీ రాయండి. మూడోసారి, చెప్పాలనుకున్న ఒక్క మాటను ఏ మామూలు వాక్యంలో దాచారో గుర్తుపెట్టుకుని మిగతా తియ్యదనమంతా కొట్టేయండి. నవలలో మూడో ప్రతి మాత్రమే రావాలి.

ఉత్తరం సగం పేజీ దాటితే పాఠకుడు పక్క పేజీకి వెళ్లిపోతాడు.

8. ఒక సన్నివేశం దగ్గరగా: మెదెలానా

తండ్రి పోయిన కబురు అందేసరికి లుక్రేజియా మెదెలానాలో, పల్లె విడిదిలో ఉంది. మామగారికి ఆ చావు బాధ కలిగించలేదు, ఆ మాట ఆయన ఉత్తరంలోనే ఉంది. బెంబో చూడ్డానికి వెళ్లాడు. చీకటి గదిలో నల్లబట్టల్లో ఏడుస్తూ పడుకుని ఉన్న ఆమెను చూసి తనకు నోట మాట రాలేదని ఆగస్టు 22 నాటి ఉత్తరంలో రాశాడు.

తొలి ప్రతి సాధారణంగా ఇలా వస్తుంది:

"ఆమె కన్నీళ్లు అతని హృదయాన్ని కరిగించాయి. 'ప్రియా, నేనున్నాను' అంటూ ఆమెను గుండెలకు హత్తుకున్నాడు."

ఇందులో ఊరు లేదు, కాలం లేదు, ప్రమాదం లేదు. నష్టాల పట్టిక పక్కన పెట్టుకుని మళ్లీ రాద్దాం:

"కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. సందుల్లోంచి ఆగస్టు ఎండ నేల మీద సన్నటి గీతలుగా పడుతోంది. ఆమె లేవలేదు. దారి పొడవునా కూర్చుకున్న మాటలు గుమ్మం దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు బెంబోకి. మూలన ముసలి పరిచారిక జపమాల తిప్పుతోంది. వేళ్లు పూసల మీద ఉన్నాయి, కళ్లు అతని మీద ఉన్నాయి.

'దొరగారి దగ్గర్నుంచి ఎవరైనా వచ్చారా?' అన్నాడు.

'ఇంకా లేదు,' అంది పరిచారిక.

మంచం మీంచి చెయ్యి ఒకటి పైకి లేచి, కూర్చోమన్నట్టు ముక్కాలిపీట వైపు చూపించి మళ్లీ పడిపోయింది."

ముట్టుకోలేదు, ప్రేమ అనే మాట లేదు. కానీ ఆమెను అత్తింటివాళ్లు ఎలా వదిలేశారో, ఈ మనిషి రావడం ఎంత సాహసమో రెండూ తెలుస్తున్నాయి. ప్రతి ముఖ్యమైన సన్నివేశానికీ ఈ కొలతే వాడండి: గదిలో మూడో మనిషి ఎవరు, వాళ్ల కళ్లు ఎక్కడున్నాయి?

9. ఎవరు ఎవర్ని ఎలా పిలవాలి

తెలుగు రచయితకు ఇదొక వరం. "మీరు", "నువ్వు" అనే తేడా మన చేతిలో ఉంది, పూర్తిగా వాడుకోండి.

- భార్యాభర్తలు నలుగురిలో "మీరు" అనుకుంటారు.
- పనివాళ్లు ఆమెను "దొరసానీ" అంటారు. "మహారాణీ" వద్దు, ఆమె రాణి కాదు. 1505 జనవరిలో మామగారు పోయేదాకా డ్యూకు భార్య కూడా కాదు.
- "మడోన్నా" (అమ్మగారు), "మెస్సెర్" (అయ్యగారు) లాంటి ఇటలీ పిలుపులు ఒకటి రెండు చోట్ల చాలు.
- ప్రేమికులు "మీరు"తో మొదలవ్వాలి. మొదటిసారి "నువ్వు" వచ్చే చోటును ముందే నిర్ణయించుకోండి. అది పుస్తకం మొత్తంలో ఒక పెద్ద సంఘటన.

గ్రాంథికం జోలికి వెళ్లొద్దు. పౌరాణిక సినిమా డైలాగులూ వద్దు. వాడుక భాషలోనే, కాస్త నిదానంగా, ఇప్పటి యాస మాటలు లేకుండా రాస్తే సరిపోతుంది.

10. తరచూ దొర్లే తప్పులు, దిద్దుకునే దారి

పేర్ల గందరగోళం. ఇద్దరు ఎర్కోలేలు: మామగారు, స్త్రోజ్జి. ఇద్దరు అల్ఫోన్సోలు: 1500లో హత్యకు గురైన రెండో భర్త, ప్రస్తుత భర్త. ఒకర్ని హోదాతో (పెద్ద దొర), ఒకర్ని ఇంటిపేరుతో (స్త్రోజ్జి) పిలిచి, పుస్తకమంతా మార్చకండి.

వంటగది తప్పులు. టమాటా, బంగాళాదుంప, మిరపకాయ, మొక్కజొన్న, కాఫీ, టీ, చాక్లెట్ ఆ బల్ల మీద ఉండవు. మిరియాలు ఉంటాయి. అవి మన మలబారు తీరం నుంచి వెనిస్ మీదుగా వెళ్లినవే.

భర్తను రాక్షసుణ్ని చేయడం. అల్ఫోన్సో ఫిరంగులు పోత పోయించడంలో మునిగి తేలే మనిషి, మాట తక్కువ. అతన్ని దుర్మార్గుడిగా రాస్తే ఆమెకు దారి సులువైపోతుంది. అతను మర్యాదస్థుడిగా ఉంటేనే కథకు చిక్కు.

బట్టల వర్ణన జాబితాగా మారడం. ఒక్క వస్తువు పట్టుకోండి. ఆ కాలపు గౌనుకు చేతులు విడిగా ఉండేవి, భుజం దగ్గర నాడాలతో కట్టుకునేవారు. కట్టడానికి ఇంకో మనిషి కావాలి, కొంత సమయం కావాలి. ఉత్తరం చేతులు మారడానికి అంతకన్నా మంచి అదను ఏముంది?

ఈనాటి మాటలు వాళ్ల నోట పెట్టడం. "నా జీవితం నా ఇష్టం" అని ఆమె అనదు. ఆమె కోరిక ఆ కాలపు మాటల్లోనే రావాలి: మొక్కు, అదృష్టం, పాపం, విశ్వాసం.

11. ఎక్కడ ఆపాలి

1508 హత్యదాకా, 1519లో పురుడు వికటించి ఆమె చనిపోయేదాకా లాగాలనిపిస్తుంది. స్త్రోజ్జి మీ కథకు కేంద్రమైతే 1508 వరకు వెళ్లండి, అప్పుడు అది న్యాయం. లేకపోతే 1503 చివర్లో బెంబో వెనిస్ వెళ్లిపోయాక మిగిలేది ఉత్తరాలే, అవీ పలచబడతాయి. సంతకం మారుపేరు నుంచి హోదాకు మారిన ఉత్తరం ఒకటి చాలు, కథ ఆగిపోవడానికి.

రాతప్రతి ముగిశాక నెల రోజులు పక్కన పెట్టి, ఈ వరసలో చూసుకోండి:

- ప్రతి అధ్యాయంలో నష్టాల పట్టికలోని ఒక అంశమైనా కదిలిందా?
- ప్రతి తేదీ మొదటి వరస నోట్స్‌తో సరిపోయిందా?
- "నువ్వు" అనుకున్న చోటే మొదటిసారి వచ్చిందా?
- ఇటలీ గురించి ఏమీ తెలియని ఒక తెలుగు పాఠకుడు ఎక్కడా పేరు కోసం వెనక్కి తిరగకుండా చదవగలిగాడా? ఇంట్లో ఒకరి చేత చదివించి, ఆగిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టమనండి.
- పుస్తకం చివర, ఏది జరిగిందో ఏది మీ కల్పనో చెప్పే రెండు పేజీల మాట రాశారా? నోట్‌బుక్‌లో మూడో వరస తెరిచి పెట్టుకుంటే అది ఒక పూటలో అయిపోతుంది.